దారిలోనే బాగుచేయించుకున్న జిప్సీ: హైదరాబాదు నుంచి లేహ్ వరకు

మా బాబాయి దగ్గరున్న 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్‌ను హైదరాబాదులో పూర్తిగా విప్పి బాగుచేయిస్తే 2,85,000 రూపాయలు అవుతాయని, బండిని ఆరు నెలలు వాళ్ల దగ్గరే వదిలేయాలని ఒక గ్యారేజీవారు అంచనా ఇచ్చారు. ఆ కాగితం చూశాక బాబాయి వేరే నిర్ణయానికి వచ్చారు. ప్రాణానికి సంబంధించిన బ్రేకులు, క్లచ్చు, టైర్లు, రేడియేటరు మాత్రం ఇక్కడే 46,000 రూపాయల్లో చేయించుకుని, మిగిలిన పనిని లేహ్ వెళ్లే దారిలో, జిప్సీలు రోజూ తిరిగే ఊళ్లలో, ఆ బండి లోతు తెలిసిన మేస్త్రీలకు అప్పగించుకుంటూ పోదామన్నారు. ప్రయాణం ముగిశాక నేను నమ్మకంగా చెప్పగలను, ఇది మంచి పద్ధతే. కాకపోతే ఊరూ పేరూ తెలియని చోట బండి విప్పడానికి ఒప్పుకుంటే ఇదే పద్ధతి నిలువునా ముంచుతుంది.

జిప్సీ మన దేశంలో 1985లో మొదలైంది. తొలి బండ్లకు 970 సీసీ ఇంజను ఉండేది. 1996లో కింగ్ పేరుతో 1.3 లీటర్ల ఇంజను, 2000లో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మే ఎంపీఎఫ్‌ఐ పద్ధతి వచ్చాయి. మాది ఆ రెండు సంవత్సరాల నడుమ పుట్టిన, కంప్యూటరు లేని కార్బ్యురేటరు బండి. నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులే). సైన్యం దశాబ్దాల పాటు ఈ బండ్లను వాడి, పాతబడినవాటిని వేలం వేస్తూ వచ్చింది కాబట్టి దక్షిణాదిలో వెతికి తెప్పించుకోవలసిన విడిభాగం పంజాబులోను, కొండల్లోను మామూలు దుకాణంలోనే దొరుకుతుంది. మా పథకమంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడింది.

దారి ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ జిల్లాల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. రిజిస్ట్రేషను పునరుద్ధరించుకుని ఉన్నా సరే, పాత బండితో అటువైపు పోయి చెక్‌పోస్టుల దగ్గర వాదించుకోవడం కన్నా చుట్టుతిరుగుడు మేలు. అందుకని బాబాయి, నేను, మా తమ్ముడు ముగ్గురమూ నాగపూర్, బేతుల్, భోపాల్ మీదుగా బయావరా చేరి, అక్కడ 52వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కోటా, జైపూర్, సీకర్ దాటి, చూరూ, హనుమాన్‌గఢ్ వైపు నుంచి పంజాబు సరిహద్దుకు చేరాము. నాగపూర్ దాకా చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు.

బేతుల్ దాటాక బండి స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. గంటకు అరవై అయిదు కిలోమీటర్లు దాటి ఏదైనా చిన్న గుంత తగిలితే చాలు, ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకూ కొట్టుకుని, బండి ఆగేదాకా వదిలేవి కావు. పాత జిప్సీలకు ఇది తెలిసిన రోగమే. ముందు యాక్సిలు రెండు కొసల్లో చక్రం తిరగడానికి పైనొకటి, కిందొకటి కింగ్‌పిన్ బేరింగులు ఉంటాయి. అవి అరిగితే ఎన్నిసార్లు అలైన్‌మెంటు చేయించినా వణుకు తగ్గదు. హైవే పక్కనే ఉన్న ఒక పట్టణంలో అద్దాల గది, చల్లటి మంచినీళ్లు, యూనిఫారం వేసుకున్న కుర్రాళ్లు ఉన్న వర్క్‌షాపులోకి బండి తోలాము. బేరింగులు మార్చాలని వాళ్లే చెప్పారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, భద్రతా నియమమన్నారు. సాయంత్రానికి 18,400 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు: బేరింగులు, సీళ్లు కలిపి 7,200, స్టీరింగు కుదుపును అణిచే కొత్త డ్యాంపరు 3,100, అలైన్‌మెంటు 600, కూలి 7,500. తీసేసిన పాత సామాను ఇమ్మని బాబాయి అడిగితే తుక్కులోకి పోయిందన్నారు. పాత సామాను చూపించలేని చోట కొత్త సామాను వేశారని నమ్మడానికి ఏ ఆధారమూ ఉండదు. ఆయన గట్టిగా అడిగేసరికి అక్కడి మేనేజరు, నమ్మకం లేకపోతే ఇంకెక్కడికైనా వెళ్లవలసిందని పెద్దవాడి ముఖం మీదే అనేశాడు. అరవై ఆరేళ్ల మనిషితో మాట్లాడే తీరు కాదది. తమ్ముడు గొడవకు దిగబోతే బాబాయే వారించి డబ్బు కట్టేశారు. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

బండి కోటా దాకా నిలకడగానే నడిచింది. బూందీ దాటాక వణుకు మళ్లీ వచ్చింది. అక్కడి నుంచి యాభైకి మించకుండా, లారీలు హారన్లు కొడుతూ దాటిపోతుంటే, ఎడమ వైపునే నడుపుకుంటూ వెళ్లాము.

హర్యానా, పంజాబుల సరిహద్దు మీద ఉన్న మండీ డబ్‌వాలీ జీపులకు పేరుపడ్డ ఊరు. సైన్యం వేలంలో కొన్న బండ్లను విప్పి, కొత్తగా కట్టి అమ్మడం అక్కడ ఎన్నో కుటుంబాలకు వృత్తి. మాకు దొరికిన షెడ్డుకు తలుపులు కూడా లేవు. అందులోని సర్దార్జీ బండిని చూడగానే ధర చెప్పలేదు. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, ముగ్గురికీ పీటలు వేయించి, ఎదురుగా కూర్చుని చూడమన్నారు. మేము చక్రం విప్పడం చూశాము, హబ్బు విప్పడం చూశాము, చివరికి కింగ్‌పిన్ పైకి లాగాక ఆయన బేరింగు గిన్నెను గుడ్డతో తుడిచి బాబాయి చేతిలో పెట్టారు. రోలర్లు ఆనే చోట వరసగా సన్నటి గుంతలు పడి ఉన్నాయి. కంటికి గీతల్లా కనిపించేవి గోరుతో తడిమితే ఒక్కొక్కటీ విడిగా తగిలాయి. చక్రం తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు సరిగ్గా ఆ గుంతల్లో కూర్చుంటాయి, అక్కడి నుంచే వణుకు పుడుతుంది. బేరింగు మీద పైపైన పూసిన కొత్త గ్రీజు పచ్చగా ఉంది, దాని కింద పాతది నల్లగా గట్టిపడి ఉంది. హైవే వర్క్‌షాపువాళ్లు చేసిందల్లా కింగ్‌పిన్ కింద బిగింపు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకుబిళ్లల్లో (షిమ్ముల్లో) ఒకటి తీసేసి, అరిగిన బేరింగునే ఇంకాస్త బిగించి, పైన డ్యాంపరు తగిలించడం. అలా బిగిస్తే కొన్ని వందల కిలోమీటర్లు వణుకు అణిగి ఉంటుంది, ఆ లోపు బండి వాళ్ల జిల్లా దాటిపోతుంది. ఘాటు రోడ్డు మలుపులో ఆ బేరింగు పట్టేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

సర్దార్జీ కొత్త బేరింగులు కొట్టి కూర్చోబెట్టాక షిమ్ములు ఒక్కొక్కటే వేసి తీస్తూ, స్టీరింగు రాడ్డు తగిలే చోట స్ప్రింగు త్రాసు కొక్కెం పెట్టి లాగి, ఎంత బరువు దగ్గర చక్రం కదులుతుందో చూసుకుంటూ బిగింపు సరిచేశారు. రెండు వైపులా ఒకే అంకె వచ్చేదాకా ఆయన టీ కూడా ముట్టుకోలేదు. రెండు పక్కలకూ కలిపి బేరింగులు 5,600, సీళ్లు 1,400, కూలి 2,000. హైవే మీద తీసుకున్నదాంట్లో సగం కూడా కాలేదు, పైగా పని నిజంగా జరిగింది.

అక్కడే మిగిలిన పెద్ద పనులు కూడా చేయించాము. డ్రైవరు కాళ్ల కింద నేల తుప్పుపట్టి రోడ్డు కనిపించేది. రెండు వైపులా మంచి రేకు దాకా కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, రెడ్ ఆక్సైడు కొట్టి, కింద తారు పూత వేశారు, 16,000. వెనక కమాన్లు వేలాడే షాకిల్ పట్టీల దగ్గర ఛాసిస్ పలచబడితే బలమైన పట్టీ అతికించారు, 4,500. కమాన్లకు వంపు తిరిగి ఇప్పించి, విరిగిన పట్టీలు మార్చి, బుష్షులన్నీ కొత్తవి వేశారు, 9,800. అంతా కలిపి 39,300. బసకు బస్టాండు దగ్గరి లాడ్జిలో గది 900 రూపాయలు. గది మామూలుదే, దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. బాబాయి మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే.

డబ్‌వాలీ వెళ్లేవారికి ఒక హెచ్చరిక. అక్కడ బండిని ఎలా కావాలంటే అలా మార్చి ఇస్తారు. టాపు కోయించడం, వెడల్పు టైర్లు, వేరే ఇంజను, అన్నీ దొరుకుతాయి. తమ్ముడికి మనసు లాగింది కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. రిజిస్ట్రేషను పునరుద్ధరణకు ఆర్టీఓ ముందు నిలబెట్టవలసిన పాత బండికి అసలు రూపమే రక్ష. ఛాసిస్ దగ్గర వెల్డింగు చేయిస్తే నంబరు కొట్టిన చోటును ముట్టుకోనివ్వకండి, పనికి ముందూ తర్వాతా దాని ఫొటోలు తీసి ఉంచుకోండి.

హైవే వర్క్‌షాపు మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఆ షెడ్డులోనే కూర్చుని ఫోను చేశాము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, మోసం ఎక్కడ జరిగినా మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. ప్రయాణికుడు మళ్లీ తిరిగి రాడన్న ధైర్యంతోనే ఇలాంటివాళ్లు బతుకుతున్నారు కాబట్టి, చిన్న మొత్తమని ఊరుకోవద్దని నా అభిప్రాయం. బిల్లు, పాత బేరింగులు, విప్పుతున్నప్పుడు తీసిన వీడియో మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

బఠిండా, లూధియానా, హిమాచల్‌లోని మండీ మీదుగా మనాలీ దాకా బండి ఎనభైలో కూడా చెయ్యి వదిలినా పక్కకు లాగనంత తిన్నగా నడిచింది. మనాలీలో పని చిన్నదే కాని చాలా ముఖ్యమైనది. అయిదు వేల మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. కంప్యూటరున్న ఇంజను దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గించుకుంటుంది, కార్బ్యురేటరుకు ఆ తెలివి లేదు. గాలి తగ్గి పెట్రోలు అంతే పోతే నల్లపొగ, నీరసం, ప్లగ్గులకు మసి. అక్కడి మేస్త్రీ పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్టు చిన్నది వేసి, ఆగి ఉన్న బండిలో ఇంజను తిరిగే వేగాన్ని, అంటే ఐడిలింగును, స్క్రూతో సరిచేసి, ప్లగ్గులో నిప్పురవ్వ పడే టైమింగు కొద్దిగా ముందుకు జరిపి, తీసిన పాత జెట్టును చిన్న పొట్లం కట్టి ఇచ్చి, మైదానానికి దిగగానే తిరిగి వేయించుకోమని మరీ మరీ చెప్పారు. 800 రూపాయలు.

2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటితే లాహౌల్ లోయ. తాండి బంకు దగ్గర, తర్వాతి పెట్రోలు బంకు 365 కిలోమీటర్ల దూరంలోనని చెప్పే బోర్డు అందరికీ తెలిసినదే. జిప్సీ ట్యాంకు పట్టేది 40 లీటర్లు, కొండెక్కేటప్పుడు మాకు లీటరుకు తొమ్మిది కిలోమీటర్లకు మించి రాలేదు. అందుకే ఇరవై లీటర్ల ఇనుప డబ్బాలు రెండు నింపుకున్నాము. జిస్పాలో ఒక ఇంట్లో బస, గది 1,500, భోజనం మనిషికి 250. వాళ్ల పొలంలో అప్పుడే కోసిన బఠాణీలతో, లాహౌల్ బంగాళాదుంపలతో ఆ ఇల్లాలు వండిన కూర నేను ఈ ప్రయాణం మొత్తంలో తిన్న అతి మంచి భోజనం. బఠాణీకి అంత తీపి ఉంటుందని తమ్ముడు నమ్మలేక మూడోసారి వడ్డించుకున్నాడు. ఇక్కడ కనీసం రెండు రాత్రులు ఉండి, శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేసుకోండి.

ఎందుకంటే సర్చూలో ఆ సౌఖ్యం లేదు. 4,290 మీటర్ల ఎత్తున గుడారానికి రెండు పూటల తిండితో కలిపి 4,500 తీసుకున్నారు. రాత్రి పదకొండు దాకా జనరేటరు అన్నారు, తొమ్మిదికే ఆపేశారు. దుప్పట్లు తేమగా ఉన్నాయి, బకెట్టు వేడినీళ్లకు 300 అదనం. తమ్ముడు తలనొప్పితో రాత్రంతా కూర్చునే ఉన్నాడు, ఆక్సిజను సిలిండరు ఉందని చెప్పినవాళ్లు అడిగేసరికి అది ఖాళీ అన్నారు. ఆ ఎత్తులో గుడారం నడిపేవాడు ఈ ఒక్క విషయంలో అబద్ధం చెప్పకూడదు. డబ్బు కట్టే ముందే సిలిండరు తెప్పించి, మీటరు చూసి, తర్వాతే సామాను దించండి.

గాటా మలుపులు ఇరవై ఒకటీ బండి తడబడకుండా ఎక్కింది. లాచుంగ్ లా కనుమ ముందు ఎండలో, మొదటి గేరులో, ఒక లారీ వెనక చాలాసేపు పాకవలసి వచ్చినప్పుడు పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలో పెట్రోలు ఆవిరై, ఇంజను ఆగిపోయింది. బాబాయి కంగారుపడకుండా పంపు చుట్టూ తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగమన్నారు, అంతటితో సరిపోయింది. 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా మీద కూడా ఐడిలింగు నిలిచింది.

లేహ్‌లో జిప్సీ భాగాల దుకాణాలకు కొరత లేదు. ముందు అద్దం రబ్బరు, సైలెన్సరు బిగింపులు, వెనక షాకుల బుష్షులు మార్చడానికి కూలితో కలిపి 3,450 అయింది. అక్కడి మేస్త్రీ అడక్కుండానే ముందు చక్రాలు ఎత్తి ఊపి చూసి, ఈ పని ఎవరు చేశారని అడిగారు. డబ్‌వాలీ అనగానే తలాడించి చక్రం దించేశారు. తోటలో ఉన్న అతిథి గృహంలో గది 1,600, నీళ్లు రోజంతా వేడిగా వచ్చాయి, బండి పెట్టుకోవడానికి చోటు ఉంది. కార్గిల్, జోజి లా, శ్రీనగర్ మీదుగా తిరుగు ప్రయాణం సాఫీగా సాగింది. జమ్మూ దిగగానే పాత జెట్టు తిరిగి వేయించాము.

ఇప్పటివరకు బండి మీద పెట్టింది 1,07,950 రూపాయలు, అందులో 18,400 మోసపోయిన సొమ్ము. వైరింగు, రంగు మిగిలాయి. ఆ రెండింటికీ కలిపి హైదరాబాదులో 55,000 అడుగుతున్నారు. పని జరుగుతున్నంతసేపూ తాను షెడ్డులోనే కూర్చుంటానంటే ఒప్పుకున్నవాళ్లకే బాబాయి బండి తాళం ఇచ్చారు.