పేషెంట్‌కు దగ్గరయ్యేది ఏది: యాపా, మెసేజా, వీడియో కాలా?

డాక్టర్ ముందు కూర్చునేది పది నిమిషాలు. మందులు వేసుకోవడం, టెస్టులు చేయించుకోవడం, తేడా వస్తే ఎవరినైనా అడగడం, ఇవన్నీ ఆ గది దాటాక జరగాల్సిన పనులు. ఆ తర్వాతి రోజుల్లో పేషెంట్‌ను అంటిపెట్టుకుని ఉండటానికి ఆసుపత్రుల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: సొంత యాప్, మామూలు ఎస్‌ఎంఎస్, వీడియో కన్సల్టేషన్. ముందు దేనిమీద డబ్బు పెట్టాలంటే నేను ఎస్‌ఎంఎస్‌కే ఓటేస్తాను. ఒక్కటే షరతు: వచ్చిన జవాబు చదివే మనిషి అవతల ఉండాలి.

ఇందుకు నాకు గట్టి ఆధారంగా కనిపించేది కెన్యాలో జరిగిన వెల్‌టెల్ అధ్యయనం. ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. హెచ్ఐవీ మందులు మొదలుపెట్టిన 538 మందిలో దాదాపు సగం మందికి నర్సు వారానికోసారి ఒకే ఒక్క మాట పంపేది: 'మాంబో?' అంటే, ఎలా ఉన్నారు అని. బాగుంటే 'సావా', ఇబ్బందైతే 'షిడా' అని 48 గంటల్లో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, ఉలుకూ పలుకూ లేనివాళ్లకూ ఫోన్ వెళ్లేది. మందులు క్రమంగా వాడుతున్నామని చెప్పినవాళ్లు మెసేజ్ అందుకున్నవాళ్లలో 62 శాతం, అందుకోనివాళ్లలో 50 శాతం. ఆ మెసేజ్‌లో మందు ఊసే లేదు, జబ్బు పేరు అసలే లేదు. ఇంటిల్లిపాదీ వాడే ఫోన్‌కు వచ్చినా పేషెంట్ గుట్టు బయటపడదు. ఎంతో ఆలోచించి చేసిన పని ఇది.

అపాయింట్‌మెంట్ గుర్తుచేయడానికైతే జవాబు అడగని మెసేజ్ కూడా పనిచేస్తుంది. అసలు గుర్తుచేయకపోవడం కంటే మెసేజ్ పంపితే వచ్చేవాళ్లు పెరుగుతారని, ఫలితం ఫోన్ చేసి చెప్పినదానికి ఇంచుమించు సమానమని, ఖర్చు మాత్రం తక్కువని వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష చెబుతోంది.

ఎస్‌ఎంఎస్‌కు ఇబ్బంది చోటుతోనే. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులాంటి లిపుల్లో 70 మాత్రమే. గుణింతపు గుర్తులూ విడిగా లెక్కకొస్తాయి. 'డాక్టర్' అన్న మాటకే ఏడు ఖర్చవుతాయి. కాబట్టి తేదీ, టైమ్, ఎక్కడికి రావాలి, రాలేకపోతే ఏ నంబర్‌కు చెప్పాలి, ఇంతే రాయాలి. టెస్ట్ రిపోర్టు, ఆహార నియమాలు ఇందులో ఇరికించలేం.

అక్కడే యాప్ అవసరం పడుతుంది. రిపోర్టులు, మందుల చీటీ, డాక్టర్ రాసుకున్న నోట్స్ ఒకేచోట దొరుకుతాయి. అమెరికాలో 2010లో మొదలైన ఓపెన్‌నోట్స్ ప్రయోగంలో 105 మంది డాక్టర్లు తమ నోట్స్‌ను ఆన్‌లైన్‌లో పేషెంట్లకే చూపించారు. ఏడాది తర్వాత ఇది కొనసాగాలని 99 శాతం పేషెంట్లు కోరుకున్నారు. మానేస్తామన్న డాక్టర్ ఒక్కరూ లేరు. షుగర్, కిడ్నీ జబ్బుల్లాంటి ఏళ్లతరబడి ఉండేవాటికి ఇది నిజమైన బలం.

కానీ యాప్ గడప దాటడమే కొందరికి కష్టం. పాస్‌వర్డ్, ఓటీపీ, అప్‌డేట్, ఫోన్‌లో ఖాళీ లేదనే గొడవ. సాయం ఎక్కువ కావాల్సిన పెద్దవయసువాళ్లే ముందు వెనుదిరుగుతారు. ఇంకో సంగతి: డాక్టర్ ఫోన్ చేసేలోపే రాత్రిపూట రిపోర్టు తెరుచుకుని, ఒక అంకె ఎర్రగా కనిపిస్తే తెల్లవార్లూ టెన్షనే. ప్రతి రిపోర్టు పక్కనా మామూలు మాటల్లో రెండు వాక్యాలు రాసిపెట్టడం పెద్ద పనేం కాదు.

వీడియో గురించి చెప్పాల్సింది తక్కువ. దద్దుర్లు, పుండు, ఆయాసం, ఇలా కంటితో చూడాల్సినవాటికి అది మంచిదే. బీపీ రీడింగులు చెప్పుకోవడానికి, మందు మోతాదు మార్చుకోవడానికి మామూలు ఫోన్ కాల్ సరిపోతుంది. డేటా సరిగ్గా లేనివాళ్లకు వీడియో తప్పనిసరి చేస్తే వైద్యం ఇంకా దూరమవుతుంది.

ఇప్పటికే యాప్ ఉన్న ఆసుపత్రి డౌన్‌లోడ్‌ల లెక్కతో సరిపెట్టుకోకూడదు. పేషెంట్ అడిగినవాటిలో రెండు రోజుల్లోపు ఎన్నింటికి జవాబు వెళ్లిందో చూడాలి. జవాబులకు నర్సును కేటాయించలేని చోట 'ఎలా ఉన్నారు' అని అడగనే వద్దు. అపాయింట్‌మెంట్ గుర్తుచేసి, ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి ఇస్తే చాలు.