తొమ్మిదేళ్లుగా చూస్తున్న పెట్రోలు ముల్లు

2016లో కొన్న చిన్న పెట్రోలు కారు మాది. ట్యాంకు 35 లీటర్లు. ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరు బ్రాడీపేటలో. పోనూ రానూ రోజుకి 75 కిలోమీటర్ల దాకా అవుతుంది. మీటరు మీద ఇప్పటికి లక్షా అరవై వేలు దాటింది. ఇంజను గురించి, ఏసీ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఇన్నేళ్లలో అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన పెట్రోలు ముల్లు గురించే రాస్తున్నాను. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో, ఫుల్ చేసినప్పుడల్లా సున్నా చేసుకునే ట్రిప్ మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో, ఎన్ని లీటర్లు పట్టిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదటి నుంచీ నాకు అలవాటు.

ఫుల్ ట్యాంక్ చేయించాక తొంభై కిలోమీటర్ల దాకా ముల్లు కదలదు. అంటే ఒక రోజు గుంటూరు వెళ్లొచ్చి, మర్నాడు కృష్ణ మీది వారధి దాటేదాకా ఫుల్ మీదే ఉంటుంది. కొన్న కొత్తలో అది చూసి మైలేజీ బ్రహ్మాండంగా వస్తోందని సంబరపడ్డాం. ముప్పావుకి వచ్చేసరికి 11 లీటర్లు ఖర్చవుతాయి. అక్కణ్ణుంచి సగానికి 8 లీటర్లే. సగం నుంచి పావుకి ఏడున్నర. చూడ్డానికి నాలుగూ సమానంగా కనిపించే భాగాలే, లోపలి పెట్రోలు మాత్రం సమానం కాదు. పెట్రోలు అయిపోవస్తోందని చెప్పే దీపం వెలిగాక నింపితే 30 లీటర్లు పడుతుంది కాబట్టి అప్పటికి ట్యాంకులో మిగిలేది 5 లీటర్లు.

దీనికి కారణం ట్యాంకులోనే ఉంది. లోపల ఒక తేలే బెండు, దానికి సన్నటి ఇనుప కడ్డీ. పెట్రోలు తగ్గేకొద్దీ బెండు దిగుతుంది, కడ్డీ తిరుగుతుంది. కడ్డీ రెండో చివర ఉన్న చిన్న లోహపు వేళ్లు కరెంటుని అడ్డుకునే ఒక రెసిస్టరు పలక మీద జరుగుతాయి. ఆ నిరోధం ఎంతో చూసి డ్యాష్‌బోర్డులోని మీటరు ముల్లుని నిలబెడుతుంది. బెండు పైదాకా వచ్చి ఆగిపోయాక కూడా ట్యాంకులోకి ఇంకా పెట్రోలు పడుతూనే ఉంటుంది. ఆ పైభాగం ఖర్చయ్యేదాకా బెండుకి కబురే ఉండదు. పైగా ట్యాంకు బిందెలాగో డబ్బాలాగో తీరుగా ఉండదు. వెనక సీటు కింద, సైలెన్సరు గొట్టానికి దారి వదిలి, మిగిలిన జాగాలో ఇరికించిన ఆకారం. ఎత్తు కొలిచి లీటర్లు చెప్పాలంటే తేడా రాకుండా ఎలా ఉంటుంది?

ముల్లు నెమ్మది కూడా కావాలని పెట్టిందే. గోతిలో పడ్డప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా లోపల పెట్రోలు తొణుకుతుంది. దానికల్లా ముల్లు ఊగకుండా కాసేపటి లెక్కలు కలిపి సగటు తీసి చూపిస్తారు. వాలు మీద ఎక్కువసేపు ఆపితే మాత్రం ఈ సగటు కూడా కాపాడలేదు. క్రీస్తురాజపురం కొండవాలులో మా పిన్ని ఇంటి ముందు కారు ముక్కు పైకి పెట్టి ఆపితే, తిరిగి స్టార్ట్ చేసేసరికి పావు దగ్గర ఉండాల్సిన ముల్లు సగం వైపు జరిగి ఉంటుంది. కిందకి దిగి రోడ్డెక్కాక రెండు మూడు నిమిషాలకి మళ్లీ చోటికి వస్తుంది. అందుకే చదునుగా ఉన్న చోటే చూడండి.

ఇంకెన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చో చెప్పే అంకెని నేను లెక్కలోకి తీసుకోను. అది ఈమధ్య ఎంత పెట్రోలు తాగిందో చూసి వేసే అంచనా. ఒకరోజు బెంజ్ సర్కిల్ రద్దీలో ఏసీ వేసుకుని నిలబడితే 92 చూపించింది. హైవే ఎక్కి మంగళగిరి చేరేసరికి 96 అయింది. మధ్యలో నేను చుక్క కూడా పోయించలేదు.

ఏడో ఏట దెబ్బ తగిలింది. రెండు రోజులుగా ముల్లు పావుకి కాస్త పైన నిలిచి ఉంది. ఆ వారం ట్రిప్ మీటరు సున్నా చెయ్యడం మర్చిపోయాను. సాయంత్రం గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్‌గేటు దాటాక కారు రెండుసార్లు దగ్గినట్టయి ఆగిపోయింది. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే గుండె దడదడలాడింది. ఒక ఆటో అబ్బాయి పుణ్యమా అని పెట్రోలు దొరికింది. దీపం ఎందుకు వెలగలేదన్నదే నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఆటోనగర్‌లో మాకు తెలిసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. వెనక సీటు ఎత్తి, మూత విప్పి, బెండు, కడ్డీతో సహా పెట్రోలు పంపు సెట్టు మొత్తం పైకి లాగారు. పెట్రోలు వాసన గుప్పుమంది. నల్లటి బెండు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. నిరోధం కొలిచే మల్టీమీటరు వైర్లు తగిలించి కడ్డీని వేలితో పైకి ఎత్తితే అంకె నున్నగా తగ్గుతూ వచ్చింది. వేలు మెల్లగా దించారు. సగం దాటింది, పావు దగ్గర కడ్డీ గాలిలోనే నిలబడిపోయింది. గోటితో తాకితే టక్కున కిందికి పడింది. టార్చి వేసి చూపిస్తే, పలక మీద ఆ చోట వెంట్రుకవాసి గాడి.

"మరి దీపం సంగతేంటి బాబాయ్?" అన్నాను.

"దీపానికీ ముల్లుకీ కబురు ఈ కడ్డీ నుంచే పోద్దమ్మా. ఇది ఆగితే రెండూ ఆగినట్టే."

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఈ మాటే. దీపం వేరే సాక్ష్యం అనుకుని ఇన్నేళ్లూ ధైర్యంగా ఉన్నాను. కొన్ని పాత కార్లలో దానికి విడిగా ఒక సెన్సరు ఉండేది, నా కారులో లేదు. షోరూములో పంపు సెట్టు మొత్తం మార్చాలి, 14 వేలు అన్నారు. ఆటోనగర్‌లో ఆ కడ్డీ, పలక ఉన్న ముక్క ఒక్కటే మార్చి, కూలితో కలిపి 1,500 తీసుకున్నారు. రెండేళ్లయింది, ఇంకే ఇబ్బందీ రాలేదు.

ఈ ముక్కలకి గంధకం కూడా శత్రువే. వెండి కలిసిన కాంటాక్టులు ఉంటే పట్టీలు నల్లబడ్డట్టే ఇవీ నల్లబడి కబురు తప్పుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి, పొగ కాలుష్యం తగ్గించడానికి తెచ్చిన బీఎస్-6 ప్రమాణం పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్లకి 50 నుంచి 10కి తగ్గింది, ఆ మేరకు మేలే. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వచ్చాక నా పుస్తకంలో ఇంకో మార్పు కనిపించింది. లీటర్లు అవే, ముల్లు అదే, లీటరుకి 17 కిలోమీటర్లు వచ్చేది 16 చిల్లరకి దిగింది. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. బెండుకి తెలిసేది మట్టం ఒక్కటే, అందులో ఎంత సత్తువ ఉందో దానికి తెలియదు.

ముల్లు పక్కన పెట్రోలు బొమ్మకి ఆనుకుని ఉండే చిన్న బాణం నాకు భలే ఇష్టం, మూత ఏ వైపుందో చెబుతుంది. 1986లో జిమ్ మోయిలన్ అనే ఫోర్డ్ ఇంజినీరుకి వచ్చిన ఆలోచన అది. అద్దె కారు నడిపిన ప్రతిసారీ ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను.

ఇప్పుడు ముల్లుని పావు కిందికి దిగనివ్వను. ట్యాంకులో మునిగి ఉండే పంపుని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. మే నెల బెజవాడ ఎండలో దాన్ని పొడిగా నడపడం నాకు ఇష్టం లేదు. ముల్లు ఏం చెప్పినా ట్రిప్ మీటరు 440 దగ్గరికి వస్తే బంకులోకి తిప్పేస్తాను. నిన్న సాయంత్రం రాసుకున్నది: ముల్లు పావు, ట్రిప్ 438, పట్టింది 26.8 లీటర్లు.