విశాఖలో పిల్లలతో రెండు రోజులు: ఆర్కే బీచా, రుషికొండ వైపా?

హైదరాబాద్ నుంచి మా అక్కవాళ్లు వేసవి సెలవులకి పిల్లల్నీ, అత్తగారినీ వెంటబెట్టుకుని వస్తారు. వచ్చేముందు ఫోన్‌లో అడిగేది ఒకటే, రూమ్ ఊళ్లోని ఆర్కే బీచ్ దగ్గర తీసుకోవాలా, భీమిలి దారిలోని రుషికొండ బీచ్ వైపు తీసుకోవాలా అని.

ముందు నీళ్ల సంగతి. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని స్నానానికి దించకండి. పాదాలు తడిస్తే చాలు, అంతకుమించి ఒక్క అడుగు కూడా వద్దు. ఒడ్డు దాటిన కాసేపటికే లోతు వచ్చేస్తుంది, వెనక్కి వెళ్లే కెరటం కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లకి కూడా నిలదొక్కుకోవడం కష్టం. సెలవులకు వచ్చిన పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త చదివినప్పుడల్లా నాకు రెండు రోజులు అన్నం సహించదు. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారు, బట్టలు మార్చుకోవడానికి గదులుంటాయి. అక్కడైనా వాళ్లు చెప్పిన హద్దు దాటకూడదు, చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. మన సముద్రం తూర్పున కాబట్టి తెల్లారగట్లే వెళ్తే సూర్యోదయం కూడా చూడొచ్చు, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేయొచ్చు.

సాయంత్రానికి మాత్రం ఆర్కే బీచే మేలు. పొద్దు ఊరివైపు వాలిపోతుంది కాబట్టి ఇసుక త్వరగా చల్లబడుతుంది, ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు చేతికందే దూరంలో ఉంటాయి. అన్నిటికన్నా కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు జలాంతర్గామి అది, 91 మీటర్ల పొడవు, లోపల 75 మంది ఎలా సర్దుకుని బతికారో మంచాలూ వంటగదీ చూస్తే తెలుస్తుంది. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి చెప్తారు, టార్పెడోల దగ్గర మా మేనల్లుడు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చారు. ఒక్కటి గుర్తుంచుకోండి, గదికీ గదికీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాలు, వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బలవంతపెట్టొద్దు. ఎదురుగా నౌకాదళం ఒకప్పుడు వాడిన టీయూ-142 విమానం ఉంది, అదీ బాగుంటుంది గానీ, ఒక్కటే చూసే టైముంటే నా ఓటు కురుసురకే.

కైలాసగిరా, జూనా? రెండు రోజులే ఉంటే కైలాసగిరి కొండ. రోప్‌వే, బొమ్మ రైలు, పెద్ద శివపార్వతుల విగ్రహాలు, పైనుంచి వంపు తిరిగిన తీరమంతా కనిపిస్తుంది, రెండు గంటల్లో అయిపోతుంది. జూకి సగం రోజు కావాలి, వేసవిలో ఆ నడకకి పిల్లలు వాడిపోతారు. సోమవారం జూకీ, కురుసురకీ కూడా సెలవు.

అరకు రైలు ఎక్కితే రోజంతా దానికే పోతుంది, మూడో రోజు ఉంటేనే పెట్టుకోండి. దాని బదులు భీమిలి దారి పట్టండి. తొట్లకొండ మీద బౌద్ధ ఆరామం పెద్దవాళ్లకి నచ్చుతుంది, పిల్లలకైతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల నాటి ఇసుక, ఇనుము వల్ల ఎర్రబారింది, 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. నీడ ఉండదు, నీళ్ల సీసాలు పట్టుకెళ్లండి, దిబ్బల అంచులెక్కి తవ్వనివ్వకండి, చాలా మెత్తటి మట్టి, వాన నీళ్లకే కోసుకుపోతోంది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నీళ్లలో దిగొద్దు, ఒడ్డునుంచే చూడండి.

రూమ్ సంగతికొస్తే, పదేళ్లలోపు పిల్లలే ఉంటే రుషికొండ వైపు, పెద్దవాళ్లు కూడా ఉంటే ఆర్కే దగ్గర. టిఫిన్లకీ, మందుల షాపుకీ, ఆటోకీ ఇబ్బంది ఉండదు, రుషికొండకి పొద్దున్నే కారులో అరగంటలో వెళ్లిపోవచ్చు. అక్కకి ఈసారి ఆర్కే దగ్గరే చూశాను, మంగళ, బుధవారాలకి.