తిరుపతిలో చిలకల మేత: మిక్స్ వద్దు, పెల్లెట్లు కొనండి

రేణిగుంట రోడ్డు వైపు ఉన్న ఒక పక్షుల షాపు గురించి రాస్తున్నా. పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఓనరు మనిషి మంచోడే, పంజరాలు, కటిల్ బోన్ (కాల్షియం కోసం పక్షులు కొరుక్కునే తెల్లటి బిళ్ల) లాంటివి న్యాయమైన రేటుకే ఇస్తాడు. గొడవంతా వాళ్లే తూకమేసి కవర్లో కట్టి అమ్మే 'ప్రీమియం పారట్ మిక్స్'తోనే.

మా కాకటీల్‌కని (తల మీద జుట్టుండే చిన్న విదేశీ చిలక) తెచ్చి పళ్ళెంలో పోసి చూస్తే సగానికి పైగా పొద్దుతిరుగుడు గింజలు, అడుగున కాసిన్ని సజ్జలు, కొర్రలు, రంగేసిన బిస్కెట్ ముక్కలు. పక్షి ఏం చేస్తుంది, పొద్దుతిరుగుడు ఏరుకుని తిని మిగతాదంతా కింద చల్లేస్తుంది. ఆ గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ, విటమిన్ ఎ దాదాపు లేనట్టే. ఏళ్ల తరబడి అదే పెడితే లివర్‌కి కొవ్వు పడుతుంది, ముక్కు, నోరు, ఊపిరికి సంబంధించిన జబ్బులు వస్తాయి. "చిలకలకి అదే ఇష్టం సార్" అంటాడు ఓనరు. ఇష్టమే, కాదన్లేదు, మా పిల్లోడికి మిక్చర్ ఇష్టం, మూడు పూటలా అదే పెడతామా?

అందులో పచ్చి చెనిక్కాయ గింజలు కూడా కలిపారు. మన చిత్తూరు వైపు వాటికి కొదవ లేదు గానీ, తేమ తగిలిన గింజలకి పట్టే బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది, పక్షి లివర్‌కి అది చాలా చెడ్డది, పైకి చూస్తే తెలియకపోవచ్చు కూడా. నేనైతే ఏరి పారేశా.

బిల్లు వేసే ముందు గ్రిట్ (గింజలు పొట్టలో నలగడానికి పక్షులు మింగే సన్నటి రాళ్లు) ప్యాకెట్టు, విటమిన్ డ్రాప్స్ కూడా చేతిలో పెడతారు, రెండూ వద్దనండి. పావురాలు గింజని పొట్టుతో మింగుతాయి కాబట్టి వాటికి గ్రిట్ కావాలి, చిలకలు ఒలుచుకుని తింటాయి, వాటికెందుకు? డ్రాప్స్ నీళ్లలో కలిపితే రుచి మారి పక్షి నీళ్లే తాగడం తగ్గించొచ్చు, మన ఎండలకి ఆ నీళ్లు తొందరగా పాడవుతాయి కూడా.

ఇప్పుడు మంచి మాట. అదే షాపులో అడిగితే లోపల్నుంచి 'వెర్సెలె-లాగా' (Versele-Laga) అనే కంపెనీ వాళ్ల న్యూట్రిబర్డ్ జి14 పెల్లెట్లు, అంటే మేతనంతా పొడి చేసి కలిపి గుళికలుగా చేసినవి, తీసిస్తాడు. కాకటీల్ సైజుకి సరిపోతాయి, రంగులు లేని ఒరిజినల్ రకం తీసుకోండి, ఎక్స్‌పైరీ డేట్ చూసి మరీ. రోజూ తినేదాంట్లో ఎక్కువ భాగం ఇవే ఉండాలి. అయితే గింజలకి అలవాటు పడ్డ పక్షి మొదట వీటిని తిండిగానే చూడదు, ఒక్కసారిగా గింజలు ఆపేస్తే పస్తులుంటుంది గానీ ముట్టదు. వారాల మీద కొంచెం కొంచెంగా మార్చుతూ, రోజూ పొద్దున్నే వంటింటి డిజిటల్ కాటా మీద బరువు చూసుకోండి, బరువు దిగిపోతుంటే వెనక్కి తగ్గండి.

మిగతాది రైతుబజారులోనే దొరుకుతుంది: ఉడికించిన గెనుసుగడ్డ, క్యారెట్, గుమ్మడి, మునగాకు, తోటకూర, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. పచ్చిమిరపకాయ ఇచ్చినా పర్లేదు, పక్షులకి కారం తెలీదు. మే నెలలో మాత్రం కోసిన ముక్కలు గంటో రెండు గంటలో ఉంచి తీసేయండి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసినవి అసలు వద్దు.

ఇదంతా కాకటీల్, లవ్‌బర్డ్స్ లాంటి విదేశీ రకాల సంగతి. రామచిలకని పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఏ షాపులోనైనా తెచ్చిస్తామంటే ఒప్పుకోకండి.

మిక్స్‌కి ఒక స్టార్, పెల్లెట్లకి నాలుగు, షాపుకి మొత్తం మీద మూడు. ఆదివారం సాయంత్రం మాత్రం పోవద్దు, చేపల తొట్టెల కాడ జనం కిక్కిరిసి ఉంటారు, పెల్లెట్లు అడిగినా మిక్స్ కవరే చేతిలో పెట్టి పంపించేస్తారు.