గురెత్స్కీ మూడవ సింఫనీ: 1992 నాటి రికార్డింగు

పోలండ్ స్వరకర్త హెన్రిక్ గురెత్స్కీ 1976లో రచించిన మూడవ సింఫనీని (పెద్ద వాద్యబృందం కోసం రాసే, పలు భాగాలున్న పాశ్చాత్య సంగీత రచన) మరుసటి ఏడాది ఫ్రాన్సులోని రోయాన్‌లో తొలిసారి వినిపించినప్పుడు, ఆధునికతను వదిలేశాడంటూ పలువురు విమర్శకులు పెదవి విరిచారు. డేవిడ్ జిన్‌మన్ నిర్వహణలో, డాన్ అప్‌షా గాత్రంతో 1992లో నన్‌సచ్ సంస్థ విడుదల చేసిన ఈ రికార్డింగు మాత్రం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోవడంతో, ఇది శ్రోతను చౌకగా కరిగించే సంగీతమేమోనని కొందరికి ఆ ఆదరణే కొత్త అనుమానమైంది. డబుల్ బాస్‌ల మంద్రం నుంచి ఒక్కో తంత్రీవాద్య వర్గం అదే బాణీని అందుకుంటూ పైకి చేరే మొదటి భాగానికి ఓపిక కావాలి. దాదాపు 26 నిమిషాలు మరి. నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టపో చెరగోడపై 18 ఏళ్ల అమ్మాయి రాసుకున్న ప్రార్థనను అప్‌షా ఎక్కడా ఏడుపు తెచ్చిపెట్టుకోకుండా పాడిన రెండవ భాగం వింటే, ఆ ఆరోపణ నిలబడదు. మూడవ భాగం మాత్రం, నా దృష్టిలో, అవసరానికి మించి సాగింది.