మారతహళ్లిలో ఇంగ్లీషు వ్యాకరణం తరగతులు: క్రియలకు చేరండి, ప్రిపొజిషన్లకు ఆగండి

బెంగళూరులో మారతహళ్లి వంతెన నుంచి కుందలహళ్లి గేటు వైపు వెళ్ళే దారిలో ఒక కోచింగ్ కేంద్రం ఉంది. శని, ఆదివారాల్లో ఉదయం పూట ఇంగ్లీషు వ్యాకరణం చెబుతారు. రెండు నెలలకు నాలుగు వేల రూపాయలు. ఆఫీసులో ఈమెయిళ్ళు రాయక తప్పని తెలుగువాళ్ళే ఎక్కువగా చేరుతున్నారు. ఇంగ్లీషు మాట్లాడించే తరగతులు ఈ చుట్టుపక్కల వీధికొకటి ఉన్నాయి. వాక్యం ఎందుకు తప్పో చెప్పేవే అరుదు.

క్రియల పాఠం మాత్రం ఎంతో బాగుంది. నెల్లూరు నుంచి వచ్చిన మేడమ్ చెబుతారు. 'నేను 2019 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అని బోర్డు మీద తెలుగులోనే రాశారు. దాని కింద 'ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నాను' అని రాశారు. మనకు రెండు చోట్లా 'నుంచి' ఒక్కటే. ఇంగ్లీషులో మొదలైన సంవత్సరానికి 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్'. పని అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోంది కాబట్టి క్రియ 'హ్యావ్ బీన్ వర్కింగ్'. మనవాళ్ళ నోటికి 'యామ్ వర్కింగ్' ఎందుకు వస్తుందో ఆ రెండు వాక్యాలతోనే తేలిపోయింది.

'డిడ్ నాట్' తర్వాత 'వెంట్' ఎందుకు రాదని ఒక అబ్బాయి అడిగాడు. "వెళ్ళాను అంటాం. వెళ్ళానులేదు అంటామా? వెళ్ళలేదు అనే కదా" అన్నారు మేడమ్. జరిగిపోయిన కాలాన్ని తెలుగులో 'లేదు' మోస్తోంది, ఇంగ్లీషులో 'డిడ్' మోస్తోంది. ఇంత తేటగా ఏ గైడులోనూ నేను చదవలేదు.

'ఇన్', 'ఆన్' లాంటి ప్రిపొజిషన్ల పాఠం వేరే మాస్టారిది. జిరాక్సు కాగితాలు పంచి బట్టీ పట్టమన్నారు. మనం బస్సులో, కారులో అని ఒకేలా అంటాం. ఇంగ్లీషులో లేచి నడవడానికి వీలున్న బస్సుకు, రైలుకు, విమానానికి 'ఆన్', కూర్చోవడమే తప్ప నిలబడలేని కారుకు, ఆటోకు 'ఇన్'. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటు వల్లనే 'డిస్కస్' పక్కన అక్కరలేని 'అబౌట్' వచ్చి చేరుతుంది. తరగతిలో చెప్పాల్సినవి ఇవీ. అడిగితే సమయం లేదన్నారు. డబ్బు కట్టి, వారాంతపు నిద్ర మానుకుని వచ్చినవాళ్ళకు ఇది అన్యాయం.

ఫీజు నెలనెలా కట్టే వీలుంది, అడిగితేనే చెబుతారు. మొదటి నెలంతా క్రియలే. రెండు వేలు కట్టి చేరండి. రెండో నెల పాఠం ఎవరు చెబుతారో కనుక్కున్నాకే మిగతా రెండు వేలు కట్టండి.