పట్నానికీ కొండదారికీ ఒకే బండి: వాడిన ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఎంచుకోవడానికి చేసిన ప్రయాణాలు

పట్నంలో రోజూ తిరగడానికీ, వీలు చిక్కినప్పుడు కొండదారులు ఎక్కడానికీ ఒకే బండి కావాలని, అదీ ఒకరు వాడినదాన్నే కొనాలని అనుకున్నప్పుడు, అమ్మకపు ప్రకటనలు చదవడం కంటే ముందు చేయవలసిన పని ఒకటుందని నాకు అనిపించింది. మనసులో ఉన్న రకాలను అద్దెకో, మిత్రుల దగ్గర అడిగో ఒక్కొక్కటిగా తీసుకుని, ఒకే దారిన ఒకే కొండకు వెళ్లి రావాలి. నేను ఎంచుకున్న దారిలో మొదట రద్దీ వీధులు, తరువాత వేగంగా సాగే రహదారి, ఆపైన ఘాట్ రోడ్డు, చివరగా కంకర తేలిన ఇరుకు బాట, దాని మధ్యలో మోకాలి లోతు దాటని ఒక వాగు ఉన్నాయి. ఇవన్నీ ఒకే ప్రయాణంలో రావడం వల్ల ఏ బండి ఎక్కడ సుఖపెడుతుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో పక్కపక్కన పెట్టి చూసుకోగలిగాను.

అద్దె సంస్థలతో ఒక విషయం ముందే తేల్చుకోవాలి. చాలా ఒప్పందాలలో తారు రోడ్డు దాటి నడపకూడదనీ, దాటితే అడుగుభాగానికీ టైర్లకూ జరిగిన నష్టానికి బీమా వర్తించదనీ రాసి ఉంటుంది. బండి ఫోర్ వీల్ డ్రైవ్ (ఇంజన్ శక్తి నాలుగు చక్రాలకూ అందేది) అయినంత మాత్రాన ఆ షరతు సడలదు. నేను సంప్రదించిన వాటిలో మట్టిదారులకు రాతపూర్వకంగా అనుమతించిన సంస్థ అద్దె కాస్త ఎక్కువే తీసుకుంది. అయితే బండితో పాటు గాలి కొట్టే చిన్న కంప్రెసర్‌ను, లాగుడు తాడును ఇచ్చి, లో రేంజ్ గేరు (వేగం తగ్గించి లాగే బలాన్ని పెంచేది) ఎప్పుడు ఎలా వేయాలో దగ్గరుండి చూపించి మరీ పంపింది. ఇలాంటి సంస్థలు తమ బండ్లను కొన్నేళ్లకు అమ్మేస్తుంటాయి. వాటికి సర్వీసు రికార్డు పూర్తిగా దొరికినా, ఎందరో కొత్తవాళ్లు కొండమీద నడిపిన బండి గనుక క్లచ్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి.

బండి తిరిగే దూరంలో ఎక్కువ భాగం పట్నంలోనే అన్న సంగతిని కొనేవాళ్లు సులువుగా మరచిపోతారు. వీధి మలుపులో ఒకే ఊపులో తిరుగుతుందా, సెల్లార్ పైకప్పుకు తగలకుండా లోపలికి దిగుతుందా, వెనుక తలుపుకు బిగించిన స్టెప్నీ వల్ల ఆ తలుపు తెరవడానికి చోటు మిగులుతుందా అన్న ప్రశ్నలు రోజూ ఎదురయ్యేవే. వీటికంటే ముఖ్యమైనది ఫోర్ వీల్ డ్రైవ్ ఏ పద్ధతిదన్నది. మధ్యలో డిఫరెన్షియల్ (వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేని పార్ట్ టైమ్ పద్ధతిలో, ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు ముందు, వెనుక యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు) ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది. జారే నేలమీద చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దేస్తుంది. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. అందువల్ల అలాంటి బండిని పట్నంలో టూ వీల్ డ్రైవ్‌లోనే నడపాలి. ఇక డీజిల్ బండి విషయానికి వస్తే, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న ఇంజన్లు కేవలం రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలకు సరిపడవు. ఆ మసి కాలిపోవడానికి ఫిల్టర్‌లో సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి, అది రహదారి మీద కొంతసేపు ఆగకుండా నడిపితేనే సాధ్యపడుతుంది. రహదారి ఎక్కే అవసరం ఎప్పుడో గాని రానివారికి పెట్రోలు బండే మేలని నా అభిప్రాయం.

మొదట తీసుకువెళ్లినది 2018లో వచ్చిన నాలుగో తరం సుజుకీ జిమ్నీ. దీనికి నిచ్చెన ఆకారపు ఛాసిస్ (అడుగు చట్రం), ముందూ వెనుకా రిజిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ ఒకటిగా కలిపే ఇరుసులు), పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, లో రేంజ్ ఉన్నాయి. చక్రాల మధ్య దూరం 2,250 మిల్లీమీటర్లే కావడం, నేలకూ అడుగుభాగానికీ మధ్య 210 మిల్లీమీటర్ల ఖాళీ ఉండటం వల్ల, పెద్ద బండ్లు పొట్ట ఆనించే గుట్టలను ఇది తగలకుండా దాటింది. బరువు సుమారు 1,100 కిలోలే గనుక తడి మట్టిలో దిగబడలేదు. కొండబాట మీద ఎదురుగా వచ్చిన బండికి దారి ఇవ్వడానికి దీన్ని పక్కకు తీసినంత సులువుగా మరి దేన్నీ తీయలేకపోయాను. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఒకటిన్నర లీటర్ల ఇంజన్ కష్టపడింది. టర్బో లేని ఇంజన్ ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ తన శక్తిలో సుమారు పదో వంతు కోల్పోతుంది కనుక ఇది ఎదురుచూడదగినదే. వెనుక సీటు నిలబెట్టి ఉంచితే సామానుకు మిగిలే చోటు 85 లీటర్లే. ఇద్దరు మనుషులు, రెండు రాత్రుల సామాను అనుకుంటే సరిపోతుంది, నలుగురికి సరిపోదు.

టయోటా ల్యాండ్ క్రూజర్ ప్రాడో 150 దీనికి పూర్తిగా మరో కొస. 2009 నుంచి వచ్చిన ఈ బండిలో నాలుగు చక్రాలకూ ఎల్లప్పుడూ శక్తి అందుతుంది. మధ్య డిఫరెన్షియల్ ఉండటం వల్ల తడిసిన తారు రోడ్డు మీద కూడా నిశ్చింతగా నడపవచ్చు, అవసరమైనప్పుడు రెండు యాక్సిళ్లూ ఒకే వేగంతో తిరిగేలా దాన్ని లాక్ చేయవచ్చు. రహదారి మీద గంటల తరబడి కూర్చున్నా నడుము నొప్పి తెలియలేదు. అయితే రెండు టన్నులు దాటిన బరువు దిగుడులో బ్రేకుల మీద పడుతుంది, ఇరుకు మలుపులో వెనక్కి తీసి మళ్లీ తిప్పవలసి వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు దాని మంచి పేరే: పాతబడినా విలువ తగ్గదు, అందువల్ల అదే డబ్బుకు వేరే రకాలలో దొరికే దానికంటే ఎక్కువ తిరిగిన బండితో సరిపెట్టుకోవాలి. మిత్సుబిషి పజేరో ఈ లెక్కలో నాకు ఎక్కువ నచ్చింది. దాని సూపర్ సెలెక్ట్ పద్ధతిలో ఒకే మీట ద్వారా రెండు చక్రాలు, పొడి రోడ్డు మీదా వాడదగిన నాలుగు చక్రాలు, మధ్య లాక్, లో రేంజ్ అన్నీ ఎంచుకోవచ్చు. 1999లో వచ్చిన మూడో తరం నుంచి దాని ఛాసిస్ బాడీలోనే కలిసిపోయి ఉంటుంది, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉంటుంది. పట్నంలో ఆ కుదుపులేని నడక తెలుస్తుంది. బాడీ అడుగున తుప్పు పడితే బాగు చేయడం కష్టమన్నది దాని మరో ముఖం.

జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు వెనుక డిఫరెన్షియల్ లాకులు, వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించే 4:1 లో రేంజ్ ఉంటాయి. రాళ్ల మీద అది నడిచే తీరు చూస్తే మనసు దాని మీదికే పోతుంది. నా బాటకు అంత శక్తి అవసరం లేదు. గాలి హోరు, అటూ ఇటూ తేలే స్టీరింగు రోజువారీ ప్రయాణానికి భారం. మరోవైపు లో రేంజ్ లేని చిన్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు కంకర బాట దాకా బాగానే వచ్చాయి. నిట్టనిలువు దిగుడులోనే తేడా తెలిసింది: లో రేంజ్ మొదటి గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, అది లేనప్పుడు కిందిదాకా బ్రేకు మీదే ఆధారపడాలి, బ్రేకులు వేడెక్కుతాయి.

బస విషయంలో కొండ కిందా, కొండ నడుమా, శిఖరం దగ్గరా ఉండి చూశాను. నడుమ ఉన్న బసకు దృశ్యం గొప్పదే గాని బండి నిలిపే చోటు వాలుగా ఉంది, రాత్రంతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టవలసి వచ్చింది. శిఖరం దగ్గరి బస బండిని పరీక్షించడానికి తగినది. చలి పట్టిన తెల్లవారుజామున పాత డీజిల్ ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంటుందా, బ్యాటరీ నీరసించిందా, సైలెన్సర్ నుంచి నీలిపొగ ఎంతసేపు వస్తోంది అన్నవి అక్కడ దాగవు. అయినా ఒక్క రాత్రే ఉండదలచినవారికి నేను కొండ కింది బసనే సూచిస్తాను. అక్కడ చదునైన ఆవరణ ఉంది, పక్కనే టైర్ల దుకాణం ఉంది. పొద్దున్నే టైర్లలో గాలిని రోడ్డు మీద ఉండే 32–35 పీఎస్ఐ నుంచి 20 దగ్గరికి తగ్గించి పైకి వెళ్లి, దిగాక మళ్లీ నింపుకోవచ్చు. గాలి తగ్గితే టైరు పరచుకుని రాళ్లను పట్టుకుంటుంది, కుదుపు తగ్గుతుంది. అదే గాలితో వేగంగా రహదారి ఎక్కితే మాత్రం టైరు వేడెక్కి పగిలే ప్రమాదముంది.

రకం తేలాక అసలు పని మొదలవుతుంది. ఇన్ని ప్రయాణాల తరువాత నేను గట్టిగా నమ్ముతున్నది ఒక్కటే: పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లో బండి పేరు కంటే దాని అడుగుభాగం ముఖ్యం. కొనేముందు తనిఖీ చేసిపెట్టే సేవలను రెండు చోట్ల వాడుకున్నాను. ఒకరు పెయింటు మందం కొలిచి, ఇంజన్ కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి, అందమైన నివేదిక చేతిలో పెట్టారు గాని బండిని పైకి లేపనే లేదు. రెండోవారు బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, ఛాసిస్ పొడవునా చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లారు. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుబారుతుంది. అడుగంతా కొత్తగా నల్లరంగు పూసి ఉంటే దాని కింద ఏముందో అనుమానించమని ఆయనే చెప్పారు. డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీసి చూపించారు. అది పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే వాగు నీరు లోపలికి చేరిందని అర్థం. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే పెట్టె) రక్షణ పలక మీద గీతలు ఉండటం సహజమే, కాని లోపలికి నొక్కుకుపోయి ఉండటం, సస్పెన్షన్ బిగించే చోట కొత్త వెల్డింగ్ కనబడటం వదిలేయదగినవి కావు. చక్రాల లోపలివైపు రబ్బరు తొడుగులు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే ఆ జాయింట్లకు ఖర్చు రానున్నట్టే.

నడిపి చూసేటప్పుడు అమ్మేవారు తారు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకువస్తారు. అది చాలదు. ఏదైనా మట్టినేల మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, తరువాత పూర్తిగా ఆపి లో రేంజ్ వేయించి, ముందుకూ వెనక్కూ నడిపి, మళ్లీ టూ వీల్ డ్రైవ్‌లోకి తేవాలి. ఏళ్ల తరబడి కదలని మీట బిగుసుకుపోయి ఉండవచ్చు. పట్నం దాటని బండ్లలో ఈ లోపం తరచుగా ఉంటుంది, తక్కువ తిరిగిందన్న మాటతో మురిసిపోయేవారు దీన్నే గమనించరు. నాలుగు టైర్లూ ఒకే కొలతవా, అరుగుదల దగ్గరదగ్గరగా ఉందా అన్నది కూడా ఈ బండ్లలో గేర్ల ఆయుష్షుకు సంబంధించిన విషయం. టైరు పక్కభాగంలోని నాలుగంకెలు తయారైన వారాన్నీ ఏడాదినీ చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఛాసిస్ నంబరుతో తయారీదారు దగ్గర విచారిస్తే, ఉచితంగా సరిచేసి ఇవ్వవలసిన లోపాలేమైనా అలాగే మిగిలిపోయాయా అన్నదీ తెలుస్తుంది.

పాత యజమాని బండిని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, ముందు వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించి ఉంటే, వాటికి విడిగా ధర కట్టి అడుగుతారు. నేను మార్పులు లేని బండికే మొగ్గు చూపుతాను. ఎత్తు పెరిగితే షాఫ్టుల కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి, మలుపులో బండి ఎక్కువగా వాలుతుంది. పెద్ద టైర్లతో స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. లోతైన గాడులున్న మడ్ టైర్లు పట్నంలో హోరెత్తుతాయి, తడి తారు మీద పట్టు తక్కువ. తారుకూ మట్టికీ పనికివచ్చే ఆల్ టెరైన్ టైర్లు రెండు చోట్లా తృప్తిగా పనిచేశాయి.

ఇవన్నీ తూచుకున్నాక ఇద్దరికి సరిపడే పొట్టి బండినే ఎంచుకున్నాను. దొరికిన వాటిలో అన్నిటికంటే చవకైనది కాదు. సర్వీసు రసీదులు వరుసగా ఉన్నది, అడుగున తుప్పు లేనిది, ఏ మార్పూ చేయనిది. ఇంజన్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు, బ్రేకు ఆయిల్ మార్చడానికీ, నాలుగు టైర్లకూ డబ్బు ముందే పక్కన పెట్టాను. కుటుంబమంతా కలిసి తిరిగేవారయితే ఇదే తనిఖీతో పజేరో వంటి దాన్ని చూడటం సబబు.